పంపిన మెయిల్ తిరిగొచ్చిందా? డిలీట్ చేయకండి.. తప్పు ఎక్కడుందో అందులోనే రాసి ఉంటుంది!

కీసర (ఎన్టీఆర్ జిల్లా): హైదరాబాద్‌లోని ఓ కంపెనీకి సాయంత్రం 5 గంటల్లోపు కొటేషన్ పంపాలి. మీది నందిగామలో జిన్నింగ్ మిల్లు కావొచ్చు, కీసర టోల్‌ప్లాజా దగ్గర ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కావొచ్చు, జగ్గయ్యపేటలో మిర్చి వ్యాపారం కావొచ్చు. కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ ఐడీ నుంచి పంపారు. నిమిషం కూడా కాలేదు.. ‘మెయిల్ డెలివరీ సబ్‌సిస్టమ్’ అనే పేరుతో ఓ మెయిల్ వచ్చింది. నిండా ఇంగ్లిష్, మధ్యలో ఏవో అంకెలు. మీరు పంపింది అవతలి వాళ్లకు చేరలేదన్నది దాని సారాంశం.

ఇలాంటప్పుడు చాలామంది ఏం చేస్తారు? అదే మెయిల్‌ను మళ్లీ పంపుతారు. మళ్లీ తిరిగొస్తుంది. మూడోసారి కూడా అంతే. ఆ తర్వాత ‘నెట్ బాగోలేదేమో’ అనుకుని వదిలేస్తారు. ఈలోపు టైమ్ దాటిపోతుంది, ఆర్డర్ వేరే వాళ్లకు వెళ్లిపోతుంది.

నిజానికి నెట్ బాగోలేకపోతే ఆ తిరుగు మెయిల్ కూడా మీకు వచ్చేది కాదు. మీరు రాసిన లెటర్‌లోనూ తప్పు లేకపోవచ్చు. ఇలా తిరిగొచ్చే మెయిళ్లలో చాలావాటికి కారణం డీఎన్ఎస్ రికార్డులు. అవి మీ డొమైన్ పేరు మీదే ఉంటాయి, సరిచేసుకునే హక్కూ మీదే. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆర్డర్ కాపాడుకోండి

రిపేర్ సంగతి తర్వాత. టైమ్ దగ్గర పడితే మొదట చేయాల్సిన పనులు మూడు. తిరిగొచ్చిన మెయిల్‌ను తేదీ, టైమ్ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. గడువులోపే పంపామని చూపించుకోవడానికి అది పనికొస్తుంది. రెండోది, అదే కొటేషన్‌ను మీ సొంత జీమెయిల్ నుంచి పంపండి. మూడోది, అవతలి వాళ్లకు ఫోన్ చేసి ‘ఫలానా ఐడీ నుంచి వస్తుంది, అది మాదే’ అని చెప్పండి. ఫోన్ ఎందుకంటే, కొత్త ఐడీ నుంచి వచ్చిన కొటేషన్‌ను వాళ్లు నకిలీ అనుకునే అవకాశం ఉంది. అలా అనుకోవడం తప్పు కూడా కాదు.

ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. జీమెయిల్ నుంచి పంపింది చేరిందంటే అవతలి వాళ్ల ఐడీ బాగానే ఉన్నట్టు. అంటే సమస్య మీ డొమైన్ దగ్గరే ఉందని సగం తేలిపోయినట్టే.

ఇంతకీ డీఎన్ఎస్ అంటే ఏంటి?

కీసర అనగానే మనకు హైవే, టోల్‌ప్లాజా, మున్నేరు గుర్తొస్తాయి. హైదరాబాద్‌ వాళ్లకు మాత్రం మేడ్చల్ జిల్లాలోని కీసరగుట్ట గుర్తొస్తుంది. కొత్త డ్రైవర్‌కు ‘కీసర వెళ్లు’ అని మాత్రమే చెబితే ఏ కీసరకు వెళ్తాడో తెలియదు. ఇంటర్నెట్‌లో ఇలాంటి గందరగోళం ఉండకూడదనే ప్రతి డొమైన్ పేరూ ప్రపంచం మొత్తానికి ఒక్కటే ఉంటుంది. ఆ పేరు చెబితే అది ఏ కంప్యూటర్‌లో ఉందో, దాని ఐపీ నంబర్ ఏంటో చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. పాల్ మొకపెట్రిస్ అనే అమెరికా శాస్త్రవేత్త 1983లో దీన్ని రూపొందించారు. నలభై ఏళ్లు దాటినా ఇంటర్నెట్ ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది.

మెయిల్ విషయంలో డీఎన్ఎస్ రెండు పనులు చేస్తుంది. మీకు వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కు చేరాలో చెబుతుంది. మీ పేరుతో వెళ్లే మెయిల్ నిజంగా మీదేనా అని అవతలి వాళ్లు అడిగితే జవాబు చెబుతుంది. ఈ రెండింటిలో ఏ జవాబు తప్పినా మెయిల్ ఆగిపోతుంది.

లారీ లెక్కలో చెప్పుకుంటే ఈజీ

జాతీయ రహదారి 65 పక్కన ఉండేవాళ్లకు సరుకు రవాణా గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. మెయిల్‌ కూడా సరుకు లోడే అనుకోండి. దానికి ఐదు కాగితాలు కావాలి.

మొదటిది ఎమ్ఎక్స్ రికార్డు. సరుకు ఏ గోడౌన్‌లో దించాలో చెప్పే చిరునామా ఇది. మీకు ఎవరైనా మెయిల్ పంపితే వాళ్ల సర్వర్ మొదట చూసేది దీన్నే. ఇది తప్పుగా ఉంటే మీరు పంపే మెయిళ్లు వెళ్తాయి కానీ మీకు రావాల్సినవి రావు. పంపినవాళ్లకు తిరిగి వెళ్లిపోతాయి. మీకు ఆ సంగతే తెలియదు.

రెండోది ఎస్‌పీఎఫ్. ఈ-వే బిల్లులో పార్ట్-బీ ఉంటుంది కదా, అందులో లారీ నంబర్ రాస్తారు. దారిలో బండి చెడిపోయి సరుకును వేరే లారీకి మారిస్తే కొత్త నంబర్ అప్‌డేట్ చేయాల్సిందే. లేదంటే తనిఖీలో ఆపేస్తారు. ఎస్‌పీఎఫ్ కూడా అంతే. ‘మా పేరుతో మెయిల్ మోసే సర్వర్లు ఇవే’ అని మీరు ముందే ప్రకటించే జాబితా అది. జాబితాలో లేని సర్వర్ నుంచి మీ పేరుతో మెయిల్ వెళ్తే అవతలి వాళ్లు అనుమానిస్తారు.

మూడోది డీకిమ్. కంటైనర్ మీద వేసే సీల్ లాంటిది. మీ సర్వర్ ప్రతి మెయిల్ మీదా ఓ రహస్య తాళంతో సీల్ వేస్తుంది. ఆ సీల్ అసలైనదా కాదా అని పోల్చి చూసుకునే బహిరంగ తాళం మీ డీఎన్ఎస్‌లో ఉంటుంది. దారిలో ఎవరైనా మెయిల్‌లో అక్షరం మార్చినా సీల్ సరిపోదు. లారీ మారినా సీల్ మారదు కాబట్టి, మీ కస్టమర్ తనకొచ్చిన మెయిల్‌ను వేరే ఐడీకి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకున్నప్పుడు ఎస్‌పీఎఫ్ ఫెయిలైనా డీకిమ్ కాపాడుతుంది.

నాలుగోది డీమార్క్. ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒక్కటైనా పాస్ కావాలి, పాసైన ఆ పేరు మెయిల్ పైన కనిపించే ‘ఫ్రమ్’ డొమైన్‌తో కలవాలి. అలా కలవకపోతే ఏం చేయాలో చెప్పే ఆదేశమే డీమార్క్. ‘ఏమీ చేయకండి, నాకు రిపోర్ట్ పంపండి’, ‘స్పామ్‌లో వేయండి’, ‘వెనక్కి పంపండి’.. ఈ మూడింట్లో ఏదో ఒకటి మీరే రాసిపెడతారు.

ఐదోది పీటీఆర్. బండి నంబర్ చూసి ఓనర్ ఎవరో కనుక్కోవడం లాంటిది. మామూలుగా డీఎన్ఎస్‌లో పేరు చెబితే నంబర్ వస్తుంది. ఇది రివర్స్.. ఐపీ నంబర్ చెబితే పేరు రావాలి. నంబర్ ప్లేట్ లేని బండిని ఎవరూ గేటు దాటనివ్వరు.

మొన్నటి దాకా వెళ్లిన మెయిల్ ఇప్పుడెందుకు ఆగుతోంది?

చాలామంది అడిగే ప్రశ్న ఇదే. ‘పదేళ్లుగా ఇదే ఐడీ వాడుతున్నాం, ఎప్పుడూ ప్రాబ్లమ్ రాలేదు’ అంటారు. నిజమే. అప్పట్లో గేటు దగ్గర చూసీచూడనట్టు వదిలేవాళ్లు. ఇప్పుడు రూల్స్ మారాయి.

గూగుల్, యాహూ 2023 అక్టోబర్‌లో కొత్త నిబంధనలు ప్రకటించి, 2024 ఫిబ్రవరి నుంచి అమల్లోకి తెచ్చాయి. వాటి ప్రకారం జీమెయిల్ ఐడీలకు మెయిల్ పంపే ప్రతి డొమైన్‌కూ ఎస్‌పీఎఫ్ లేదా డీకిమ్ ఉండాలి. పంపే సర్వర్‌కు సరైన పీటీఆర్ కూడా ఉండాలి. రోజుకు 5,000, అంతకు మించి పంపేవాళ్లకైతే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి. జనం ‘స్పామ్’ అని నొక్కే రేటు 0.3 శాతానికి చేరకుండా కూడా చూసుకోవాలి. మైక్రోసాఫ్ట్ కూడా అదే దారిలో నడిచింది. అవుట్‌లుక్, హాట్‌మెయిల్ ఐడీలకు పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపే డొమైన్లకు ఈ మూడింటినీ 2025 మే 5 నుంచి తప్పనిసరి చేసింది.

మీరు రోజుకు 20 మెయిళ్లే పంపుతుండొచ్చు. అయినా మొదటి రూల్ మీకూ వర్తిస్తుంది. ఒకప్పుడు ఎవరో కుర్రాడు వెబ్‌సైట్ చేసిచ్చినప్పుడు ఎస్‌పీఎఫ్ పెట్టలేదనుకోండి, ఇన్నాళ్లూ గడిచిపోయింది. ఇక గడవదు.

ఆ అంకెలు ఇలా చదవండి

ఇక అసలు విషయానికి వద్దాం. తిరిగొచ్చిన మెయిల్‌లో మూడంకెల కోడ్, దాని పక్కనే చుక్కలతో మరో కోడ్ ఉంటుంది. మొదటి అంకె ఒక్కటి చూసినా సగం విషయం తెలిసిపోతుంది.

4తో మొదలైతే తాత్కాలికం. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మీదకు నీళ్లొచ్చినప్పుడు బండ్లు ఎక్కడివక్కడ ఆగాయి, నీళ్లు తగ్గాక కదిలాయి. ఇదీ అలాంటిదే. సర్వర్ తనంతట తానే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. మీరు వెంటనే చేయాల్సింది ఏమీ లేదు. ఒకరోజు దాటినా వెళ్లకపోతే అప్పుడు పట్టించుకోండి.

5తో మొదలైతే పూర్తిగా తిరస్కరించినట్టే. 2020 లాక్‌డౌన్‌లో గరికపాడు చెక్‌పోస్ట్ దగ్గర పాస్ లేనివాళ్లను వెనక్కి పంపింది గుర్తుందా? పాస్ లేకుండా ఎన్నిసార్లు వెళ్లినా జవాబు అదే. ఇక్కడ కూడా కారణం సరిచేయకుండా వందసార్లు పంపినా చేరదు.

ఇక వివరంగా చూస్తే..

550 5.1.1 అని ఉంటే అవతలి ఐడీలో పేరు తప్పు, లేదా ఆ ఐడీ ఇప్పుడు లేదు. స్పెల్లింగ్ చూసుకోండి. ఇది డీఎన్ఎస్ సమస్య కాదు.

5.1.2 అనో, ‘డొమైన్ నాట్ ఫౌండ్’ అనో ఉంటే @ గుర్తు తర్వాత ఉన్న పేరు డీఎన్ఎస్‌కు దొరకలేదు. టైపింగ్ తప్పు కావొచ్చు, అవతలి వాళ్ల డొమైన్ గడువు అయిపోయి ఉండొచ్చు.

552 5.2.2 అని ఉంటే వాళ్ల మెయిల్‌బాక్స్ నిండిపోయింది. ఫోన్ చేసి చెప్పండి.

550 5.7.25 అని జీమెయిల్ నుంచి వస్తే మీ మెయిల్ పంపే సర్వర్‌కు పీటీఆర్ లేదు, లేదా సరిపోలడం లేదు.

550 5.7.26 అని జీమెయిల్ నుంచి వస్తే ఆ మెయిల్ మీదేనని నిరూపణ కాలేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ చూసుకోండి. డీమార్క్ వల్ల ఆగినా ఇదే కోడ్ రావొచ్చు.

550 5.7.515 అని అవుట్‌లుక్, హాట్‌మెయిల్ నుంచి వస్తే మైక్రోసాఫ్ట్ కొత్త రూల్ ప్రకారం మీ డొమైన్ పాస్ కాలేదు.

5.7.1 అంటే కాస్త విస్తారమైన మాట, ‘మా పాలసీ ఒప్పుకోదు’ అని అర్థం. దాని పక్కన స్పామ్‌హాస్ లాంటి పేరు కనిపిస్తే మీ సర్వర్ ఐపీ బ్లాక్‌లిస్ట్‌లో ఉందన్నమాట. బ్లాక్‌లిస్ట్ అయిన ఫాస్టాగ్‌తో టోల్ లేన్‌లోకి వెళ్తే ఏమవుతుందో తెలుసుగా, అదే పరిస్థితి.

తప్పు ఎవరిదో తేల్చే మూడు పరీక్షలు

ఒకటి.. ఒక్కరికే వెళ్లడం లేదా, అందరికీ వెళ్లడం లేదా? జీమెయిల్‌లో ఒకరికి, అవుట్‌లుక్‌లో ఒకరికి, ఏదైనా కంపెనీ ఐడీ ఉన్న ఒకరికి చిన్న మెయిల్ పంపి చూడండి. ఒక్కచోటే ఆగితే అవతలి వైపు సమస్య అయ్యుండొచ్చు. అన్నిచోట్లా ఆగితే మీదే.

రెండు.. మీ కంపెనీ ఐడీ నుంచి మీ సొంత జీమెయిల్‌కు ఓ మెయిల్ పంపండి. చేరిందా? కంప్యూటర్ బ్రౌజర్‌లో దాన్ని తెరిచి, పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి ‘షో ఒరిజినల్’ ఎంచుకోండి. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పక్కన ‘పాస్’ ఉందా, ‘ఫెయిల్’ ఉందా అక్కడే కనిపిస్తుంది. అసలు లైనే లేకపోతే ఆ పరీక్ష జరగలేదన్నట్టు, బహుశా ఆ రికార్డే లేనట్టు. మెయిల్ స్పామ్ ఫోల్డర్‌లో పడిందేమో కూడా చూడండి.

మూడు.. ఫోన్‌లోనే మీ డొమైన్ రికార్డులు చూసుకోవచ్చు. గూగుల్ అడ్మిన్ టూల్‌బాక్స్, ఎమ్ఎక్స్ టూల్‌బాక్స్ లాంటి సైట్లలో డొమైన్ పేరు కొడితే చాలు. ఎమ్ఎక్స్, ఎస్‌పీఎఫ్, డీమార్క్ ఏముందో చూపిస్తాయి. పాస్‌వర్డ్ అక్కర్లేదు, ఎందుకంటే ఇవన్నీ బహిరంగ రికార్డులే. పాస్‌వర్డ్ అడిగే సైట్ ఏదైనా వచ్చిందంటే వెంటనే బయటకు వచ్చేయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు ఇవే..

డొమైన్ గడువు అయిపోవడం: వింటే నవ్వొస్తుంది కానీ ముందు చూసుకోవాల్సింది ఇదే. డొమైన్ పోతే వెబ్‌సైట్‌తో పాటు మెయిల్ కూడా ఆగిపోతుంది.

హోస్టింగ్ మార్చినప్పుడు మెయిల్ రికార్డులు మర్చిపోవడం: కొత్త వెబ్‌సైట్ కోసం నేమ్ సర్వర్లు మారుస్తారు. పాత చోట ఉన్న ఎమ్ఎక్స్, ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లను కొత్త చోటుకు కాపీ చేయరు. వెబ్‌సైట్ అదిరిపోతుంది, మెయిల్ చచ్చిపోతుంది.

తప్పు చోట రికార్డు మార్చడం: డొమైన్ ఒక కంపెనీ దగ్గర కొని, నేమ్ సర్వర్లు ఇంకో కంపెనీవి పెట్టి ఉంటారు. అప్పుడు డొమైన్ కొన్న చోట ఎన్ని మార్పులు చేసినా ప్రపంచానికి కనిపించవు. నేమ్ సర్వర్లు ఎవరివైతే వాళ్ల ప్యానెల్‌లోనే మార్చాలి. ‘అన్నీ కరెక్ట్‌గానే పెట్టానండీ, అయినా పని చేయట్లేదు’ అనేవాళ్లు మొదట చూసుకోవాల్సింది ఇదే.

రెండు ఎస్‌పీఎఫ్ రికార్డులు: మెయిల్ సర్వీస్ ఇచ్చిన లైన్ ఒకటి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇచ్చిన లైన్ ఇంకొకటి విడివిడిగా పెడతారు. అలా చేస్తే రెండూ చెల్లవు. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి, సర్వర్లన్నీ ఆ ఒక్క లైన్‌లోనే చేర్చాలి. ఆ లైన్‌ను పరిశీలించేటప్పుడు అవతలి సర్వర్ చేసే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటకూడదన్న నిబంధన కూడా ఉంది. వాడని సర్వీసుల పేర్లు తీసేయండి.

జాబితాలో లేని సర్వర్ నుంచి పంపడం: మామూలు మెయిళ్లు బాగానే వెళ్తాయి, ఇన్‌వాయిస్‌లు మాత్రం ఆగిపోతాయి. ఎందుకు? వాటిని పంపేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సర్వర్. దాని పేరు మీ ఎస్‌పీఎఫ్‌లో లేదు. వెబ్‌సైట్‌లోని కాంటాక్ట్ ఫామ్‌ది కూడా ఇదే కథ.

ఎమ్ఎక్స్‌లో నేరుగా ఐపీ నంబర్ రాయడం: అక్కడ సర్వర్ పేరే ఉండాలి, నంబర్ కాదు. మారుపేరుగా పనిచేసే సీనేమ్ కూడా పెట్టకూడదు.

డీకిమ్ తాళం సగమే కాపీ కావడం: అది చాలా పొడవైన అక్షరాల వరుస. ఫోన్‌లో కాపీ చేసేటప్పుడు చివర తెగిపోతుంది, మధ్యలో ఖాళీ వచ్చేస్తుంది. వీలైతే కంప్యూటర్‌లోనే చేయండి.

పీటీఆర్‌ను డొమైన్ ప్యానెల్‌లో వెతకడం: అక్కడ దొరకదు. ఐపీ నంబర్ ఎవరిదైతే వాళ్లే పెట్టాలి. అంటే హోస్టింగ్ కంపెనీకో, ఇంటర్నెట్ ఇచ్చే సంస్థకో రిక్వెస్ట్ పెట్టాలి. ఆఫీసులోని మామూలు బ్రాడ్‌బ్యాండ్ లైన్ మీద సొంతంగా మెయిల్ సర్వర్ నడపడం మాత్రం వద్దు. ఆ ఐపీ మారుతూ ఉంటుంది, పీటీఆర్ మీ పేరుతో ఉండదు, చాలా సర్వర్లు అలాంటి నంబర్లను చూడగానే తిప్పి పంపేస్తాయి.

మొదటిరోజే డీమార్క్‌లో ‘వెనక్కి పంపండి’ అని పెట్టడం: ఏదో ఒక సర్వర్‌ను జాబితాలో చేర్చడం మర్చిపోయి ఉంటే మీ సొంత ఇన్‌వాయిస్‌లే తిరిగొస్తాయి. మొదట ‘రిపోర్ట్ మాత్రమే’ దగ్గర పెట్టి, కొన్ని వారాలు రిపోర్టులు చూసి, ఆ తర్వాతే గట్టి చేయండి.

పెద్ద కంపెనీలూ ఇక్కడే బోల్తా పడ్డాయి

ఇదంతా చూసి కంగారు పడకండి. మహామహులకే తప్పలేదు. 1999 క్రిస్మస్ టైమ్‌లో మైక్రోసాఫ్ట్ తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ డొమైన్ ఫీజు కట్టడం మర్చిపోయింది. హాట్‌మెయిల్ లాగిన్ దాని మీదే ఆధారపడి ఉండటంతో చాలామంది తమ మెయిల్ తెరవలేకపోయారు. చివరికి అమెరికాలోని ఓ ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టారు.

2020 డిసెంబర్‌లో గూగుల్ ఓ సెట్టింగ్ మార్చినప్పుడు జీమెయిల్ సర్వర్లకు ‘జీమెయిల్ డాట్ కామ్’ అనే పేరుకు బదులు చెల్లని పేరు అందింది. ఫలితం.. నిక్షేపంగా ఉన్న ఐడీలకు వచ్చిన మెయిళ్లను కూడా ‘ఈ ఐడీ లేదు’ అంటూ 550 5.1.1 కోడ్‌తో వెనక్కి పంపేసింది. 2023 ఆగస్టులో హాట్‌మెయిల్ ఎస్‌పీఎఫ్ రికార్డు తప్పుగా మారడంతో ఆ ఐడీల నుంచి వెళ్లిన మెయిళ్లు ఆగిపోయాయి, కొన్ని స్పామ్‌లో పడ్డాయి. ఒక్క లైన్ తప్పితే ఎవరికైనా జరిగేది ఇదే. ఆ లైన్ సరిచేశాక మళ్లీ మెయిళ్లు కదిలాయి.

సరిచేసేటప్పుడు ఈ జాగ్రత్తలు మర్చిపోవద్దు

ఏ మార్పు చేసే ముందైనా ఇప్పుడున్న రికార్డులన్నీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేడా వస్తే పాత స్థితికి వెళ్లడానికి అదొక్కటే దారి.

ఒకసారి ఒక్క రికార్డే మార్చండి. ఆరు మార్చి, ఏది పని చేసిందో తెలియక తల పట్టుకోవద్దు.

మార్చగానే ఫలితం రాదు. ప్రతి రికార్డుకూ టీటీఎల్ అనే గడువు ఉంటుంది, సెకన్లలో రాస్తారు. 3600 అని ఉంటే గంట దాకా ప్రపంచంలోని సర్వర్లు పాత జవాబునే గుర్తుంచుకోవచ్చు. నేమ్ సర్వర్లే మారిస్తే ఒకటి, రెండు రోజులు పట్టొచ్చు. అందుకే టెండర్ గడువు ఉన్న రోజు రికార్డుల జోలికి వెళ్లకండి. వ్యాపారం తక్కువగా ఉండే రోజు చూసుకోండి.

మెయిల్ సర్వీస్ మార్చేటప్పుడు ఈ టీటీఎల్‌ను ఒకరోజు ముందే 300కు తగ్గించుకుంటే మార్పు త్వరగా కనిపిస్తుంది. పని అయ్యాక మళ్లీ పెంచుకోవచ్చు.

అసలు ప్రమాదం మెయిల్ తిరిగిరావడం కాదు!

తిరిగొస్తే కనీసం తెలుస్తుంది. తెలియని ప్రమాదం ఇంకోటి ఉంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ లేని డొమైన్ పేరుతో ఎవరైనా మెయిల్ పంపొచ్చు. ‘మా బ్యాంక్ ఖాతా మారింది, ఈసారి డబ్బులు ఈ కొత్త ఖాతాకు వేయండి’ అని మీ పేరుతో మీ కస్టమర్‌కు ఓ మెయిల్ వెళ్తే? వాళ్లు నిజమనుకుని డబ్బు పంపేస్తారు. మీ సరుకు వెళ్లిపోయి ఉంటుంది, డబ్బు ఎవరి ఖాతాలోనో పడి ఉంటుంది. మీ పేరు పాడవుతుంది.

మీరు పంపని మెయిళ్లు ‘తిరిగొచ్చాయి’ అంటూ వస్తున్నాయా? అయితే మీ పేరును ఎవరో వాడుతున్నారని అనుమానించాల్సిందే. వెంటనే పాస్‌వర్డ్ మార్చి, టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టి, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ చూసుకోండి.

నకిలీ తిరుగు మెయిళ్లు కూడా ఉంటాయి, జాగ్రత్త. ‘మీ మెయిళ్లు ఆగిపోయాయి, విడుదల చేయాలంటే ఇక్కడ క్లిక్ చేసి పాస్‌వర్డ్ ఇవ్వండి’ అంటాయి. నిజమైన తిరుగు మెయిల్ ఎప్పుడూ పాస్‌వర్డ్ అడగదు. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు ఫోన్ చేయండి.

చివరి ప్రశ్న.. తాళం ఎవరి దగ్గరుంది?

పైన చెప్పినవన్నీ చేయాలంటే ఒక్కటి కావాలి.. మీ డొమైన్ లాగిన్. అది మీ దగ్గరుందా? చిన్న వ్యాపారాల్లో చాలాచోట్ల ఈ ప్రశ్నకు జవాబు ‘లేదు’ అనే వస్తుంది. ఎప్పుడో విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో వెబ్‌సైట్ చేసిచ్చిన కుర్రాడి మెయిల్ ఐడీతో, అతని ఫోన్ నంబర్‌తో డొమైన్ కొని ఉంటారు. అతను ఉద్యోగం మారాడు, నంబర్ మారింది. రెన్యువల్ నోటీసు అతనికే వెళ్తుంది. పొలం మీదైనా పట్టాదారు పాస్‌బుక్ ఇంకొకరి పేరు మీద ఉన్నట్టే ఇది.

కాబట్టి ఈ వారమే ఓ పని చేయండి. డొమైన్ ఏ కంపెనీలో రిజిస్టర్ అయింది, నేమ్ సర్వర్లు ఎవరివి, మెయిల్ సర్వీస్ ఎవరిది, గడువు ఎప్పుడు.. ఈ నాలుగూ ఓ కాగితం మీద రాయండి. ‘హూఈజ్’ సర్చ్‌లో డొమైన్ పేరు కొడితే మొదటి, రెండో, నాలుగో జవాబులు అక్కడే దొరుకుతాయి. ఖాతా వేరేవాళ్ల పేరు మీద ఉంటే మర్యాదగా అడిగి మీ పేరుకు మార్పించుకోండి. కొన్నప్పటి బిల్లు ఉంటే దాచిపెట్టండి. రికవరీ మెయిల్‌గా అదే డొమైన్ ఐడీని ఇవ్వకండి. డొమైన్ ఆగిపోతే ఆ మెయిల్ కూడా రాదు, పాస్‌వర్డ్ కూడా దొరకదు. ఆటో రెన్యువల్ ఆన్ చేసి, కార్డు గడువు తీరలేదని సరిచూసుకోండి.

మెయిల్ ఈసారి తిరిగొస్తే చిరాకు పడి డిలీట్ చేయకండి. అంకెలు చదవండి. 4 అయితే ఆగండి, 5 అయితే కారణం వెతకండి. ఆ అంకెలు మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఆ మెయిల్‌ను ఉన్నదున్నట్టుగా మీ మెయిల్ సర్వీస్ ఇచ్చేవాళ్లకు పంపండి. ‘మెయిల్ పోవట్లేదు’ అని ఫోన్‌లో చెప్పడం కన్నా ఆ ఒక్క కోడ్ చూపిస్తే సగం పని అయిపోతుంది.